నూట పదిహేడో కూత

"ఈ మనిషి అబద్ధమైనా ఆడుతుండాలి, చావుకైనా దగ్గర పడి ఉండాలి. రెండిట్లో ఏదో ఒకటి మేడమ్."

ల్యాబు సహాయకురాలు గ్లోరీ తెర మీద వేలు పెట్టి చూపించింది. డాక్టర్ దమయంతి కళ్లజోడు సవరించుకుని ముందుకు వంగింది.

నల్లటి తెర మీద ఒక ఆకుపచ్చ గీత. ఒక కబడ్డీ ఆటగాడి కూత అది. ఊపిరి తిప్పుకోకుండా "కబడ్డీ కబడ్డీ" అంటూ ఎంతసేపు నిలబడగలడో అంతసేపూ పెట్టిన కూత. గీత పద్దెనిమిది సెకన్ల దాకా అలల్లా నిండుగా సాగింది. పంతొమ్మిదో సెకను దగ్గర తెగింది. రెప్పపాటు ఖాళీ. మళ్లీ అతుక్కుని ఇరవై ఆరుదాకా ఈడ్చింది.

పైన అంకె ఉంది. 117. పేరు లేదు.

మాట్లాడుతున్న మనిషి గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ మాట వెంట్రుకవాసి వణుకుతుంది. చెవికి తెలియదు. దమయంతి తయారుచేసిన కూతపట్టీకి తెలుస్తుంది. మెడకి చుట్టి, ఒక్క కూత పెట్టిస్తే చాలు, ఆ ఆటగాడి ఊపిరెంత, గుండె బలమెంత, ఎన్ని రోజులు వరసగా ఆడితే ఎక్కడ కుంగిపోతాడు, అన్నీ చెబుతుంది. ఆస్పత్రుల కోసం పన్నెండేళ్లు కష్టపడి చేసిన పరికరం. ముందుగా తలుపు తట్టింది మాత్రం తూర్పుతీర కబడ్డీ లీగు.

వాళ్ల తలనొప్పి వాళ్లది. ఇరవై జట్లను తీరం, మెట్ట అని రెండు గ్రూపులు చేసి పదేళ్లుగా ఆడిస్తున్నారు. గట్టి జట్లన్నీ తీరంలోనే పడ్డాయి. పోయినేడు భీమిలి జట్టు పద్నాలుగు మ్యాచ్‌లు గెలిచి ఇంటికి పోతే, ఏడు గెలిచిన మెట్ట జట్టు సెమీఫైనల్ ఆడింది. ఆ రోజు స్టేడియం బయట రెండు బస్సులు తగలబడ్డాయి. ఒక డ్రైవరు కాలిపోయాడు.

"ఈసారి పటం చూసి కాదు, బలం చూసి విడదీద్దామండి" అన్నాడు లీగు అధ్యక్షుడు దివాకరవర్మ. "రెండు గ్రూపుల బరువూ సమానంగా తూగాలి. బలహీనమైన జట్టుకి విశ్రాంతి రోజులు ఎక్కువ, ప్రయాణాలు తక్కువ. మనిషి చెబితే తిడతారు. మీ మిషను చెబితే నోరుమూసుకుంటారు."

అందుకే జట్టుకి ఆరుగురు చొప్పున నూట ఇరవై మంది కూతలు పట్టారు.

"ఇదే జట్టులో ఉన్న మిగతా ఐదుగురి సంగతేంటి?" అడిగింది దమయంతి.

"దొంగకూత. సందేహమే లేదు. బలహీనులమని చెప్పుకుంటే విశ్రాంతి దొరుకుతుంది కదా, ఎవడో తెలివైన కోచ్ నేర్పాడు. సగం కూతలో గుటక మింగడం. గుటక మింగితే ఊపిరి తెగుతుంది, గుండె చప్పుడు ఒకటి మునిగిపోతుంది. చూడ్డానికి జబ్బు మనిషిలాగే ఉంటుంది." గ్లోరీ ఐదు గీతలూ వరసగా తెరిచింది. "కానీ గుటక మింగితే కంఠమణి పైకి కిందికి కదలాలి. ఈ ఐదుగురికీ కదిలింది. నూట పదిహేడుకి కదల్లేదు మేడమ్."

"పట్టీ వదులుగా ఉంటే ఆ కదలిక రాదు."

"రాదు. నిజమే." గ్లోరీ కుర్చీ ఆమె వైపు తిప్పింది. "పేర్ల కవరు తెరిపిద్దాం. ఆ ఒక్క మనిషికీ గుండె పరీక్ష చేయిద్దాం. గంట పని."

"ఒక్క పేరు తెరిస్తే నూట ఇరవై కూతలూ మళ్లీ పట్టాలి. ఆ నియమం రాసింది ఎవరో తెలుసా? నేనే."

గ్లోరీకి తెలుసు. ఎందుకు రాసిందో కూడా తెలుసు. దమయంతి తమ్ముడు పైడిరాజు అదే లీగులో సాలూరు చిరుతల జట్టుకి ఆడుతున్నాడు. అక్క తూచే తక్కెడలో తమ్ముడున్నాడని రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని, పేర్లకి లక్క సీలు వేయించి వర్మగారి బీరువాలో పెట్టించింది.

ఫోను మోగింది. వర్మే.

"ఏవండీ డాక్టరు గారూ, మూడింటికి పేపరోళ్లు వస్తన్నారు. పలావు కూడా చెప్పేశాను. మీ జాబితా ఏదండి?"

"ఒక అంకె దగ్గర అనుమానం ఉంది వర్మగారూ."

"నూట ఇరవైలో ఒకటాండి? మా ఇంట్లో బియ్యం ఏరినా ఇంతకంటే ఎక్కువ రాళ్లొస్తాయి. కానివ్వండి."

దమయంతి ఫోను పెట్టేసి తెర వైపు చూసింది. ఆ జట్టు ఏదో తెలియదు. తెలుసుకోవాలనుకోలేదు. తెలిస్తే తీర్పు అటో ఇటో మొగ్గుతుందని భయం.

"ఒకే జట్టు. ఆరుగురిలో ఐదుగురు దొంగలు. ఆరోవాడు ఒక్కడూ హరిశ్చంద్రుడా?" అంది.

గ్లోరీ నూట పదిహేడు గీతను ఆ ఐదింటి పక్కన మళ్లీ తెరిచి పెట్టింది.

దొంగకూత పెట్టినవాళ్ల బలాన్ని ఉండవలసిన చోటికి పెంచే మీట ఒకటుంది. దిద్దుబాటు. దమయంతి ఆరు అంకెలూ ఎంచి దాన్ని నొక్కింది. నూట పదిహేడు గీత తెగిన చోట అతుక్కుంది. ఖాళీ నిండిపోయింది. ఇప్పుడది ఆరోగ్యంగా ఉన్న ఒక బలమైన మనిషి కూత.

* * *

మూడున్నరకి సీలు పగిలింది. ఇరవయ్యో జట్టు సాలూరు. అందులో ఏ అంకె ఎవరిదో వేదిక మీద చదవలేదు, తర్వాత దమయంతి అడగనూ లేదు.

దమయంతి వేదిక మీదే ఉంది. వర్మ పేరు చదువుతుంటే ఆమెకి ముందు కలిగింది భయం కాదు, కోపం. సాలూరు ఆరుగురూ దొంగకూతలే. అంటే వీడు కూడా. అక్క చేసిన పరికరాన్ని తమ్ముడే మోసం చేయబోయాడు.

మర్నాడు పేపర్లన్నీ పొగిడాయి. రెండు గ్రూపుల బలం నూటికి ఒక్క పాలు తేడాతో సమానం. పదేళ్ల అన్యాయానికి తెర. ఆ పక్కనే ఒక డబ్బాలో దొంగకూత జట్లు ఏడు, ఆటగాళ్ల పేర్లతో సహా. సాలూరుకి పడిన శిక్షను శిక్ష అని ఎవరూ రాయలేదు. దిద్దుబాటు తర్వాత అది గట్టి జట్టు కాబట్టి గట్టి జట్టుకి దక్కేదే దక్కింది. ఇరవై నాలుగు రోజుల్లో పదకొండు మ్యాచ్‌లు, అందులో ఏడు పరాయి ఊళ్లలో.

పదిగంటలకి పైడిరాజు ఫోను చేశాడు. వెనక లారీల హారన్లు వినిపిస్తున్నాయి. సాలూరు లారీల ఊరు. లీగులోకి రాకముందు వాడు లారీ బాడీలు కట్టే షెడ్డులో వడ్రంగి.

"అక్కా, పేపర్లో నా పేరేసీసేరు. సూసేవా?"

"చూశాను."

"నాను దొంగకూత పెట్టనేదు."

"అందరూ అదే అంటారు రాజూ."

"అందరూ నీకు తమ్ముళ్లేటి?" వాడు నవ్వబోయి ఆగాడు. "కోచ్ మాస్టారు పెట్టమని చెప్పేరు, నిజమే. నాను ఇన్లేదు. మా అక్క కొలుస్తంటే నాను దొంగకూత పెడతానేటని అన్నాను. ఉన్న ఊపిరంతా పెట్టేనక్కా. నమ్ము."

"కూతలో ఏముందో నేను చూశాను. నీ మాట నమ్మి మిషన్ని అబద్ధమంటే, అప్పుడు నేనేమవుతాను? తమ్ముడి కోసం తక్కెడ వంచినదాన్నవుతాను."



"అయితే మిషనే నీ తమ్ముడు. ఉంటాను" అన్నాడు పైడిరాజు.

ఆ తర్వాత మూడువారాలు ఫోను లేదు. టీవీలో మాత్రం కనిపిస్తున్నాడు. ఇంతకుముందు మ్యాచ్‌కి పదిసార్లు కూతకి వెళ్లేవాడు, ఇప్పుడు ఇరవైసార్లు వెళ్తున్నాడు. అతను గీత దాటగానే జనం "దొంగ, దొంగ" అని అరుస్తున్నారు. అరిచినకొద్దీ వెళ్తున్నాడు. పాయింట్లు తెస్తున్నాడు. చూశావా, మనం దిద్దిందే సరైన అంకె, అంత బలం ఉంది కాబట్టే ఇలా ఆడుతున్నాడు అని దమయంతి గ్లోరీతో అంది.

గ్లోరీ టీవీ కట్టేసింది.

* * *

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి పైడిరాజు భార్య ఈశ్వరి ల్యాబుకి వచ్చింది. సాలూరు నుంచి బస్సులు మారి వచ్చినట్టుంది, చీర నలిగిపోయి ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"వొదినా, నీతో మాటాడనని ఒట్టేసుకున్నాను. ఒట్టు తీసి గట్టున పెట్టి వొచ్చేను."

"ఏమైంది?"

"మనిషి మనిషిలాగ నేడు. మేడ మెట్లు ఎక్కుతూ నడిమధ్యన కూకుండిపోతన్నాడు. పిల్లదాన్ని ఎత్తుకోమంటే సేతులు లాగతన్నాయంటాడు. మొన్న సోడవరం మ్యాచ్ అయినాక పెదాలు నేరేడుపండు రంగు. ఏటిదని అడిగితే, ఎండ అన్నాడు. రాత్రి ఏడింటికి ఎండేటి వొదినా?"

దమయంతి చేతిలో పెన్ను కింద పెట్టింది. "అలిసిపోయి ఉంటాడు. మ్యాచ్‌లు ఎక్కువ..."

"ఆ మ్యాచ్‌లు ఎవరిచ్చేరు?" ఈశ్వరి గొంతు పెరిగింది. మళ్లీ తనే తగ్గించుకుంది. "తగువుకి రాలేదు. ఒక్కమాట చెప్పడానికొచ్చేను. కూతలు కొలిసిన ముందురోజు తవిటయ్య మాస్టారు మా ఇంటికొచ్చి గుటక మింగడం నేర్పబోయేడు. ఈయన మాస్టారి సొక్కా పట్టుకున్నాడు. కొట్టుకునీదాకా ఎల్లింది. నానే ఇడదీసేను. నా కళ్లతో సూసేను వొదినా. ఐదుగురు మింగేరు. ఈయన మింగలేదు."

గ్లోరీ బల్ల దగ్గర నుంచి లేచి నిలబడింది.

"ఆ రోజు మెడకి పట్టీ కట్టేటప్పుడు అతనికి ఏదో నంబరు ఇచ్చి ఉంటారు" అంది దమయంతి. తన గొంతు తనకే దూరంగా వినిపించింది. "నీకు తెలుసా?"

"తెలుసు. సేతి మీద నల్లసిరాతో రాసేరు. రెండ్రోజులు తోమినా పోలేదు." ఈశ్వరి తన చెయ్యి తిప్పి మణికట్టు మీద చూపించింది, అక్కడ ఇంకా ఉన్నట్టు. "నూట పదిహేడు."

గ్లోరీ గోడ గడియారం వైపు చూసింది.

"ఇవాళ మ్యాచ్ ఎక్కడ?" అడిగింది గ్లోరీ.

"కాకినాడ. నాలుగింటికి."

దమయంతి అప్పటికే ఫోను చేస్తోంది. పైడిరాజు ఎత్తలేదు. కోచ్ ఫోనుకి చేస్తే, అతనే తెచ్చి వాడి చేతికిచ్చాడు.

"రాజూ, ఇవాళ ఆడకు. నీ గుండె బాగాలేదు. నీ కూతలో ఉంది. నేను తప్పు చదివాను."

"ఏటీ?"

"పంతొమ్మిదో సెకనులో నీ గుండె ఒక దెబ్బ తప్పుతోంది. మామూలుగా ఉన్నప్పుడు తెలీదు. ఊపిరి బిగబట్టినప్పుడే. నువ్వు కూతకెళ్లిన ప్రతిసారీ..."

"ఆగక్కా." వాడి గొంతు ప్రశాంతంగా ఉంది. అదే ఆమెని భయపెట్టింది. "మొన్న నీ మిషను నన్ను దొంగంది. ఇయ్యాల అదే మిషను రోగిష్టోడంటంది. దానికెన్ని నాలుకలు?"

"ఈసారి మిషను కాదు, నేను చెబుతున్నాను."

"ఆ రోజు నాను చెప్తే నువ్వు ఇన్నావేటి?"

ఆమె మాట కోసం వాడు ఆగలేదు.

"నానియ్యాల బెంచీ మీద కూకుంటే ఏటంటారో తెల్సా? దొంగకూత బయటపడ్డాది, ఇప్పుడు దొంగ జబ్బు అంటారు. రేపు నా కూతురు బడికెళ్లాల అక్కా. ఈశ్వరొచ్చిందా అక్కడికి? దానికి అన్నం పెట్టు. పొద్దున్నుంచి తినుండదు."

ఫోను పెట్టేశాడు.

దమయంతి కారు తాళాలు తీసుకుని మెట్లు దిగుతూనే వర్మకి చేసింది.

"ఆటగాణ్ణి వైద్య కారణంతో ఆపాలంటే కొలత తప్పని మీరు రాసివ్వాలండి" అన్నాడు వర్మ. "కొలత తప్పంటే గ్రూపులు తప్పు. గ్రూపులు తప్పంటే ఇప్పటిదాకా ఆడిన తొంభై మ్యాచ్‌లూ గోదాట్లో కలిసినట్టేనండి. మళ్లీ బస్సులు తగలబెడతారు. మళ్లీ ఎవడో డ్రైవరు పోతాడు. బాగా ఆలోచించుకున్నారా?"

"రాస్తాను. ఇప్పుడే రాస్తాను. మ్యాచ్ ఆపండి."

"సోమారం కమిటీ ఉందండి."

"నాలుగింటికి మ్యాచ్!"

"సరే, గ్రౌండు డాక్టరుకి చెబుతాను. నాడి చూస్తాడు. బాగోకపోతే ఆయనే ఆపేస్తాడు. అంతకంటే నేను చెయ్యలేనండి."

* * *

అనకాపల్లి దాటేవరకు ఈశ్వరి కారు కిటికీలోంచి కిలోమీటరు రాళ్లు చూస్తూ కూర్చుంది. తుని దగ్గర ఒక్కసారి, "ఇంకెంత దూరం?" అంది. అన్నవరం కొండ కనిపించినప్పుడు దండం పెట్టబోయి చేతులు మధ్యలోనే దించేసింది.

వాళ్లు స్టేడియం చేరేసరికి రెండో సగం మొదలైంది. గ్రౌండు డాక్టరు దమయంతికి గేటు దగ్గరే ఎదురొచ్చాడు.

"చూశాను మేడమ్. నాడి డెబ్బై రెండు. రాయిలా ఉన్నాడు."

"కూర్చున్నప్పుడు చూస్తే రాయిలాగే ఉంటాడు!"

ఆమె పరిగెత్తింది. సాలూరు బెంచీ దగ్గర కోచ్ తవిటయ్య తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. ఆమెని చూడగానే మొహం తిప్పుకున్నాడు.

"మాస్టారూ, ఒక్కటే అడుగుతాను. గుటక ఎంతమందికి నేర్పారు?"

తవిటయ్య మెడ మీద నరం ఉబ్బింది. చుట్టూ చూశాడు. "ఇక్కడేటమ్మా ఈ గొడవ..."

"ఎంతమందికి?"

"ఐదుగురికి." తలవంచుకున్నాడు. "రాజు ఇన్లేదు. పిల్లలు నలిగిపోతన్నారు, రెండ్రోజులు ఎక్కువ పడుకుంటారని సేసేనమ్మా. మరేటీ ఆశపడనేదు."

"వాడు మింగలేదు. అయినా కూత తెగింది. అర్థమైందా మీకు?"

అర్థమైంది. తవిటయ్య మొహంలో రక్తం దిగిపోవడం ఆమె చూసింది. అతను చెయ్యెత్తి ఆటగాణ్ణి మార్చాలని రిఫరీకి సైగ చేశాడు. రిఫరీ అటు చూసి తల అడ్డంగా ఊపాడు. కూత మొదలయ్యాక మార్పు లేదు.

పైడిరాజు అప్పటికే గీత దాటాడు.

"దొంగ, దొంగ, దొంగ." మూడు వేల గొంతులు. వాటి మధ్యన, జనానికి కూత వినిపించాలని మ్యాచ్‌ల్లోనూ కడుతున్న మెడ పట్టీ నుంచి స్పీకర్లలోకి వస్తున్న ఒక్క గొంతు. కబడ్డీ కబడ్డీ కబడ్డీ. ఎడమకి ఊగాడు. కుడికి తన్నాడు. ఒకణ్ణి తాకాడు. వెనక్కి వచ్చేయొచ్చు. రాలేదు. ఇంకొకడి కోసం లోపలికి వెళ్లాడు.

దమయంతి లెక్కపెడుతోంది. పదహారు. పదిహేడు. ఈశ్వరి "రండి, వచ్చీయండి" అని అరుస్తోంది. పద్దెనిమిది.

కాకినాడ జట్టులో మూలన ఆడే కుర్రాడు నేలకి వాలి రెండు చేతులతో పైడిరాజు చీలమండ పట్టేశాడు. జనం లేచి నిలబడ్డారు. ఆ హోరులో స్పీకర్లలో కూత ఆగిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు. దమయంతి గమనించింది.

పైడిరాజు నిలువునా ముందుకి పడ్డాడు. చేతులు అడ్డం పెట్టుకోలేదు. తల కోర్టు అంచున పెట్టిన ప్రకటన బోర్డుకి తగిలింది.

రిఫరీ ఈల ఊదాడు. కూతకెళ్లినవాడు అవుట్. కాకినాడకి ఒక పాయింటు. చీలమండ పట్టుకున్న కుర్రాడు రెండు చేతులూ పైకెత్తి గెంతాడు. రెండోసారి గెంతబోతూ కిందికి చూశాడు.

* * *

పోస్టుమార్టం కాగితంలో రెండూ ఉన్నాయి. తలకి దెబ్బ. గుండె కండరం ఉండవలసిన దానికంటే రెట్టింపు మందం. దేనివల్ల పోయాడో తేల్చలేదు.

లీగు ఆ రెండిట్లో తనకి కావలసింది తీసుకుంది. "ప్రత్యర్థి పట్టు కారణంగా కిందపడి, తలకు గాయమై" అని ప్రకటించి, రెండు నిమిషాలు మౌనం పాటించి, మూడోరోజు నుంచి మ్యాచ్‌లు మళ్లీ మొదలుపెట్టింది.

పదోరోజు కర్మకి దమయంతి సాలూరు వెళ్లింది. పిలిచినవాళ్లు లేరు, పొమ్మన్నవాళ్లూ లేరు. ఆడవాళ్లంతా వెళ్లాక ఈశ్వరి ఆమె ముందుకొచ్చి నిలబడింది.

"వొదినా, ఆయన అబద్ధం ఆడలేదని ఇప్పుడు నమ్ముతున్నావా?"

"నమ్ముతున్నాను."

"నా సెవిలో చెప్తే ఏటి లాభం? పేపర్లో వేసినోళ్లు పేపర్లోనే చెప్పాల."

ఆ మర్నాడు వర్మ ల్యాబుకి వచ్చాడు. టీ వద్దన్నాడు. ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. కొలతలు సరైనవేననీ, మరణానికీ పునర్విభజనకీ సంబంధం లేదనీ. కింద సంతకానికి చోటు.

"మీ బాధ నాకు తెలుసండి. నేనూ తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాణ్ణే. కానీ పోయినోడు ఎలాగూ రాడు. వచ్చే ఏడు క్రికెట్ వాళ్లు కూడా మీ మిషను అడుగుతున్నారు. లాయరుగారు ఒక్కమాటే చెప్పమన్నారు. ఇది సంతకం పెట్టండి, ఇంకెక్కడా ఒక్క అక్షరం రాయకండి."

"ఆలోచిస్తాను" అంది దమయంతి.

ఆ కాగితం వారం రోజులు బల్ల మీదే ఉంది. ఆమె సంతకం పెట్టలేదు. చింపనూ లేదు. రోజూ పొద్దున్నే వచ్చి, దాన్ని ఒక పక్కకి జరిపి, ఏ పనీ చేయకుండా కూర్చునేది.

గురువారం మధ్యాహ్నం తలుపు దగ్గర ఎవరో చెప్పులు విప్పిన చప్పుడయింది.

"మేడంగారూ, లోపలికి రావచ్చాండి?"

ఇరవై మూడేళ్లుంటాయి. వెడల్పాటి భుజాలు. గడ్డం పెరిగింది. గ్లోరీ అతన్ని వెంటనే గుర్తుపట్టింది. కాకినాడ మూలన ఆడే కుర్రాడు.

"నూకరాజండి. ఆరోజు కాలు పట్టుకున్నది నేనేనండి."

దమయంతి లేచి నిలబడింది. ఏం చెయ్యాలో తెలియక మళ్లీ కూర్చుంది.

"మాది దుమ్ములపేటండి. వేటకెళ్లే ఇళ్లు. ఇప్పుడు నన్ను పడవెక్కించుకోరండి. మనిషిని చంపిన చెయ్యి వల పడితే చేప పడదంటారు. మా అమ్మ గుడి మెట్లు కడుగుతుందండి రోజూ." చేతులు చూసుకున్నాడు. "సాలూరోళ్లు ఫోన్లు చేసి తిడతన్నారు. తిట్టనివ్వండి. అది కాదండి నా బాధ. నాకొక్కటే తెలియాలి. నేను పట్టుకున్నందుకు పోయాడా? పట్టుకోకపోయినా పోయేవాడా? మీ మిషనుకి తెలుస్తుందన్నారండి."

"ఎవరన్నారు?"

"వాళ్లావిడేనండి. సాలూరు వెళ్లి కాళ్ల మీద పడ్డాను. నా దగ్గర లేదు, మా వొదిన దగ్గరుంది, అక్కడ అడుగు అంది."

మ్యాచ్‌లోనూ మెడకి పట్టీ ఉంది. ఆ కూత కూడా నమోదై ఉంది. దమయంతి ఇన్ని రోజులూ దాన్ని తెరవలేదు. ఆమె అడక్కముందే గ్లోరీ తెరిచింది. పక్కనే మ్యాచ్ వీడియో పెట్టి రెండిటి సమయాలూ కలిపింది.

గీత నిండుగా సాగింది. పద్దెనిమిదో సెకను మధ్యలో తెగింది. ఈసారి అతుక్కోలేదు. ఆ తర్వాత, దాదాపు అరసెకను గడిచాక, వీడియోలో నూకరాజు వేళ్లు చీలమండకి చుట్టుకున్నాయి.

దమయంతి మూడుసార్లు చూసింది. ముగ్గురూ చూశారు.

"నీ చెయ్యి తగిలేసరికే వాడి గుండె ఆగింది" అంది. "నువ్వు పట్టుకోకపోయినా అక్కడే పడేవాడు."

నూకరాజు ఏడుస్తాడనుకుంది. ఏడవలేదు. నోరు కొద్దిగా తెరుచుకుంది.

"అయితే నేను ఉత్త శవాన్ని పట్టుకుని గెంతానాండి?"

 గ్లోరీ కిటికీ వైపు తిరిగిపోయింది. కాసేపటికి నూకరాజే తేరుకున్నాడు. చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"రాసివ్వండి మేడంగారూ. నోటిమాట మా పేటలో చెల్లదండి. పెద్దల ముందు చదివించాలి."

దమయంతి సొరుగులోంచి ల్యాబు పేరున్న తెల్లకాగితం తీసింది. వర్మ కాగితం ఆ పక్కనే ఉంది. లాయరు మాట గుర్తుంది. ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరంతో ఈ ల్యాబు తలుపులు మూతపడతాయి. పన్నెండేళ్ల పని పోతుంది. తొంభై మ్యాచ్‌లు పోతాయి. బస్సులు తగలబడినా తగలబడవచ్చు. ఆమె అవన్నీ ఒక్కొక్కటిగా తలుచుకుంది. తలుచుకుంటూనే రాసింది.

సమయాలు రాసింది. గుండె ఆగిన క్షణం, చెయ్యి తగిలిన క్షణం. ఆటగాడికి గుండెజబ్బు ఉందని కొలత నాడే పరికరంలో నమోదైందని రాసింది. ఆ గుర్తును దొంగకూతగా పొరబడి దిద్దడం జరిగిందని రాసింది. సంతకం పెట్టి ఇచ్చింది.

నూకరాజు కాగితం రెండు చేతులతో పట్టుకుని, పెదాలు కదుపుతూ నెమ్మదిగా చదివాడు. చివరిదాకా వచ్చి మళ్లీ వెనక్కి వెళ్లాడు.

"ఇదొక్కటి అర్థం కాలేదండి. దిద్దడం జరిగింది అని ఉంది. ఎవరు దిద్దారండి? మా పెద్దలు అదే అడుగుతారు."

దమయంతి చెయ్యి చాపింది. కాగితం తీసుకుని ఆ వాక్యం కొట్టేసి పైన రాసింది.

"నా సహాయకురాలు గ్లోరీ అనుమానం చెప్పినా వినకుండా, నా తమ్ముడు స్వయంగా చెప్పినా నమ్మకుండా, దిద్దింది నేను. పైడిరాజు పెట్టింది నిజమైన కూత."

నూకరాజు ఈసారి పైకి చదివాడు. చదివి, మడిచి, జేబులో పెట్టుకోబోయి ఆగాడు.

"దీనికి నకలు ఒకటి తీయించి సాలూరు పంపమంటారాండి? ఆవిడ ఎదురుచూస్తా ఉంటుంది."

"వద్దు" అంది దమయంతి. "అది నేను తీసుకెళ్లాలి. అక్కణ్ణించి పేపరాఫీసుకి."

గ్లోరీ నకళ్లు తీసే యంత్రం మూత ఎత్తింది.

"ఎన్ని తియ్యమంటారు మేడమ్?"

"నూట ఇరవై" అంది దమయంతి. "ప్రతివాడి ఇంటికీ ఒకటి. ఎవరెవరి కూతలు దిద్దానో వాళ్లందరినీ మళ్లీ పిలవాలి. ఇంకా ఎంతమంది గుటక మింగలేదో మనకి తెలీదు."